పద్దెనిమిది నెంబరు బొమ్మకి గౌను

నా కత్తెర మీద ఒట్టు, మిషను మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు అప్పుడే నవ్వుతుంటారు. నవ్వండి. చివరిదాకా చదివాక మాట్లాడుకుందాం.

1998 డిసెంబరు. అరకులో స్టేషనుకి వెళ్ళే దారిలో నా టైలరు షాపు. క్రిస్మస్ ముందు మాకు ఊపిరాడదు. అలాంటి పూట, మిషనరీల బడిలో ఆయాగా చేసి రిటైరైన రాహేలమ్మ ఓ తువ్వాలు మూట తెచ్చి నా కటింగు బల్ల మీద విప్పింది. లోపల పాతకాలపు బొమ్మ. తల, చేతులు, కాళ్ళు ఏదో గట్టి ముద్దతో చేసినవి. ఒళ్ళు మాత్రం గుడ్డ సంచి, అందులో రంపపు పొట్టు. పడుకోబెడితే కళ్ళు మూస్తుంది. ఒంటి మీద నూలుపోగు లేదు.

“దొరసాని మా అప్ప దీనమ్మకిచ్చిన బొమ్మ బాబూ. నా కూతురు ఆడుకుంటాదని నానే అడిగి తెచ్చుకున్నాను. గౌను ఎలకలు కొరికీసినాయి. ఆ మాట సెప్పలేక బొమ్మే తిరిగివ్వనేదు. అప్పట్నించీ మాకు మాటల్నేవు,” అంది.

ఇప్పుడు ఆ అక్క దీనమ్మకి చూపు పోయింది. రాజవొమ్మంగి నుంచి పండక్కి వస్తున్నానని, బొమ్మని సిద్ధంగా ఉంచమని తనే కబురు పెట్టింది.

“సూపు నేదు గానీ సేతి ఏళ్ళతో సూసీస్తాది. బట్టల్నేని బొమ్మని సేతిలో పెడితే మళ్ళీ నా గుమ్మం తొక్కదు.”

బొమ్మ మెడ వెనక 18 అని అచ్చుంది. “సైజు అదే చెప్పేసిందమ్మా, ఎల్లుండి రండి,” అన్నాను గొప్పగా. మా పనిలో పిల్లల గౌన్లకి నెంబర్లుంటాయి. పద్దెనిమిదంటే భుజం నుంచి అంచు దాకా పద్దెనిమిది అంగుళాలు. టేపు కూడా తీయకుండా తెల్ల పాప్లిన్ కోసి, లేసు పెట్టి కుట్టేశాను.

తొడిగితే బొమ్మ కనపడలేదు.

“ఏటి బాబూ, గౌను కుట్టమంటే డేరా కుట్టినావు?” అని నవ్వబోయి రాహేలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడు తీశాను టేపు. తల నుంచి మడమ దాకా పద్దెనిమిది! ఆ నెంబరు బొమ్మ ఎత్తుకి, నా నెంబరు గౌను పొడుగుకి.

మళ్ళీ కోసే ధైర్యం చాలక, రెడీమేడ్ దొరుకుతుందేమోనని బొమ్మని శాలువాలో చుట్టుకుని హుకుంపేట సంతకి బస్సెక్కాను. కండక్టరు ఆడపిల్లనుకుని “ఈ గుంటకి అర టికెట్టు,” అన్నాడు. నిద్రపోతోందయ్యా అంటే, “నిద్దరోతే సీటు కాదేటి?” అని కొట్టేశాడు.

సంతలో ఒంటికి సరిపోయే గౌనేదీ తల దూరనివ్వలేదు. తల దూరినవి భుజాల మీంచి జారిపోయాయి. బొమ్మంటే పొట్టి మనిషి కాదని అప్పుడు తెలిసింది. తల పెద్దది, మెడ లేదు, మోచెయ్యి మడవదు.

తిరుగు బస్సులో నా పక్కన ఒక బాలింత. బిడ్డ ఒళ్ళు తడుపుకుంటే జుబ్బా మారుస్తోంది. ముందునుంచి చేతులు దూర్చింది, వెనక దారాలు ముడేసింది. తల ఊసే లేదు! నేను సీట్లోంచి లేచి నిలబడిపోయాను.

షాపుకొచ్చి, ఛాతీ కొలిచి, ఒక్క అంగుళం లూజు, అంటే ఒంటికీ బట్టకీ మధ్య ఖాళీ, వదిలి గౌను కోశాను. వెనకంతా తెరిచి, దీన్నే బ్యాక్ ఓపెన్ అంటాం, నొక్కితే పట్టే ప్రెస్ బటన్లు వేశాను. తొడుగుతుంటే బొమ్మ వీపు గుడ్డ మీద చిన్న తుప్పు మరక కనపడింది. ఎందుకో అర్థం కాలేదు.

దీనమ్మ వచ్చిన రోజున దగ్గరుండమని రాహేలమ్మ బతిమాలింది. పెద్దావిడ బొమ్మని ఒళ్ళో పెట్టుకుని లేసు తడిమింది, చేతులు తడిమింది. వేళ్ళు వీపు మీద బటన్ల దగ్గర ఆగిపోయాయి.

“ఇది నా గౌను కాదు.”

రాహేలమ్మ గోడకి ఆనుకుపోయింది. “ఎలకలు కొరికీసినాయప్పా.”

“ఎలకలకి బుద్ధున్నాది. ఆ గౌను దీనికెప్పుడు పట్టినాది? ఎనకాల మూతపడక పిన్నీసు పెట్టీదాన్ని. దీనికి ఇన్నాళ్ళకి ఊపిరాడతంది.” కాసేపు బొమ్మని ఊపింది. “ఈ మాట అప్పుడే సెప్తే ఏటి పోయీదే?”

“నువ్వు కొడతావని.”

“ఇప్పుడూ కొడతాను. ముందు టీ పెట్టు, బేగి!”

తుప్పు మరక ఆ పిన్నీసుదని అప్పుడు తెలిసింది. నేను కూడా ఎవరూ చెప్పకుండానే టీకి కూర్చున్నాను. ఆ రోజు నుంచి నెంబరు ఎక్కడ రాసున్నా ముందు ఒంటిని అడుగుతాను, తరవాతే కత్తెర.

ఇక ఒట్టు సంగతి. కండక్టరు అర టికెట్టు కొట్టాడన్నది నా కల్పన. అతను బొమ్మని చూడనే లేదు. ఆ బాలింత మాత్రం చూసి “పాపకి పాలు పట్టినారా?” అని అడిగింది. ఇంటికెళ్ళాక పడతానన్నాను.

మిగతాదంతా నిజం. ఆ డేరాతో సహా. పండగ రోజు దాన్ని రాహేలమ్మ మనవరాలు తొడుక్కుని, అప్పచెల్లెళ్ళిద్దరి మధ్యా కూర్చుంది. పద్దెనిమిది నెంబరు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.