చిటికెనవేలు

బొంత కుట్టేటప్పుడు అక్కకు స్కేలు అక్కర్లేదు. గుడ్డముక్కను కాగితం నమూనా మీది గీత వెంట కుట్టి, ఆ గీత పక్కన చిటికెనవేలు ఆనించి, వేలి వెడల్పున అంచు వదిలి కత్తిరించేది. అలా అంచు కొలవడానికే ప్రత్యేకంగా అమ్మే స్కేలు కొందామని చెల్లెలు అన్నప్పుడల్లా, "నా వేలుండగా స్కేలెందుకే" అనేది. అక్క పోయాక, సగంలో ఆగిన బొంత పూర్తిచేద్దామని చెల్లెలు ఆ స్కేలే కొనుక్కొచ్చింది. ముక్కలు వెంట్రుకవాసి తేడా లేకుండా తెగాయి గాని, అక్క కత్తిరించిన వాటి పక్కన పెడితే అంచులు కలవలేదు.

"అనవసరంగా కొన్నామా పిన్నీ?" అంది అక్క కూతురు.

"లేదమ్మా. స్కేలు తప్పేం లేదు."

చెల్లెలు స్కేలును సొరుగులో పెట్టేసి, సన్నటి తన చిటికెనవేలికి గుడ్డపేలిక చుట్టసాగింది. అది అక్క వేలంత లావయ్యాక, కత్తెర అందుకోబోయి ఆగి, ఆ వేలిని రెండో చేతి గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.