దప్పిక మాట చెప్పిన మా పెద్దమ్మ

"అమ్మ పాయె పాపా. పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలో అట్లే..." అని పెనుకొండ నుంచి పెద్దమ్మ కొడుకు, మా అన్న, ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురం మార్కెట్లో చింతపండు బేరమాడుతున్నాను. పెద్దమ్మ, మా అమ్మకు అక్క. బేరం వదిలేసి అక్కడే నిలబడి ఏడ్చాను. అంగడామె మంచినీళ్ళిచ్చి, "సొంతమోళ్ళామ్మా?" అనింది. సొంతమే అన్నాను. పెనుకొండ బస్సెక్కే దాకా ఆ మాటే మనసులో తిరిగింది.

పెద్దమ్మ గవర్నమెంటు నర్సు. సోమందేపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె చేత సూది వేయించుకోని మనిషి దొరకడం కష్టం. రిటైరయ్యాక పెనుకొండలో మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద అయింది. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. సంఘపెద్దలు కూడా ఆమె వస్తూంటే కుర్చీల్లో సర్దుకొని కూర్చునేవాళ్ళు. కానీ ఆమె అందరికన్నా ఎక్కువగా తిట్టుకున్నది తననే. "సూది ఒకటే, మందు ఒకటే. చెయ్యి యా గుణంతో గుచ్చిందో నొప్పి చెప్తాది" అనేది.

మా చర్చిలో గుడ్ ఫ్రైడే రోజు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. శిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడాలి. ఏడుగురూ మగవాళ్ళే. మొదటాయన ముప్పావుగంట లాగితే రెండో ఆయన గంట. ఏడో ఆయన ముగించేసరికి నాలుగు దాటేది, ఉపవాసం ఉన్న ముసలివాళ్ళు గోడలకు ఆనుకొని కునికేవాళ్ళు. ఆడవాళ్ళకు ఒక్క మాటైనా ఇవ్వాలని పెద్దమ్మ ఏళ్ళ తరబడి కొట్లాడింది. చివరికి ఐదో మాట, 'దప్పిగొనుచున్నాను' అనే దప్పిక మాట, ఇచ్చారు. "చిన్న మాట గదా, బిరీన అయిపోతాది" అన్నాడట ఒక పెద్దాయన.

ఆ గుడ్ ఫ్రైడే పొద్దున నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. ధర్మవరం పోయి తనే ఏరుకొచ్చిన తెల్ల పట్టుచీర కట్టుకుంటోంది. అద్దం ముందు కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆగిపోయింది.

"ఏమే, ఎవరి చావుకు పోతాండా నేను, కొత్త పట్టుచీర కట్టుకోని?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మంచం మీద కూలబడింది.

"ఆడోళ్ళ కోసరం కొట్లాడినా అనుకుంటి. కాదే. నా కోసరమే కొట్లాడినా. నేను మైకు ముందర నిలబడాల, వాళ్ళు కింద కూర్చోని వినాల. అదీ నా భక్తి!"

"అట్లయితే మాట్లాడొద్దులే పెద్దమ్మా" అన్నాను.

గుర్రుగా చూసింది. "మాట్లాడకుంటే? 'అబ్బ, ఎంత తగ్గింపో' అంటారు. అదింకో రకం పొగరు. పైగా మళ్ళ ఆడోళ్ళకు ఆ తావు దొరకదు. నా మనసు కడుక్కునేదానికి వాళ్ళ నీళ్ళు పారబోయల్నా?"

పట్టుచీర విప్పి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర కట్టుకొని బయల్దేరింది. ఐదో మాట వచ్చింది. రాసుకున్న కాగితాలు మడిచి బైబిల్లో పెట్టేసింది.

"ప్రభువుకు దప్పికైంది. నాకూ దప్పికే. ఈ మైకు కోసరం ఇరవై ఏండ్ల దప్పిక. ఆయన దప్పిక వేరే, నాది వేరే అని ఈ పొద్దు తెలిసె. నా కోసరం ప్రార్థన చేయండి."

అంతే. దిగి వచ్చి కూర్చుంది. ఆరో మాట ఆయన తన కాగితాలు అటూ ఇటూ తిప్పి పది నిమిషాల్లో ముగించాడు. ఏడో ఆయన అంత కూడా తీసుకోలేదు. ఆ బెంచీ మీద నేను కూర్చున్న తీరు చూస్తే మాట్లాడింది నేనే అనుకుంటారు, అంత గర్వం నాకు.

అప్పట్నుంచి ఐదో మాట ఆడవాళ్ళది. పెద్దమ్మ మళ్ళీ దాన్ని ముట్టలేదు. ఏటేటా నోరు విప్పని మనిషిని వెదికి పట్టుకొచ్చేది. చెన్నేకొత్తపల్లి దగ్గర గొర్రెలు మేపే ఆమెను, ధర్మవరంలో మగ్గం నేసే ఆమెను, ఇళ్ళల్లో అంట్లు తోమే ఆమెను వేదిక ఎక్కించింది. ఆ మాట నాకిమ్మని నేను ప్రతి ఏడూ అడిగేదాన్ని. ప్రతి ఏడూ ఒకటే జవాబు: "నువ్వు ఇంగా చానా బాగా మాట్లాడతావు. ఆగు."

ఒకసారి ఒళ్ళు మండి మూడు నెలలు మాట్లాడలేదు. తనే ఫోన్ చేసింది. "కోపం దిగిందా? దిగుంటే మటిక్కాయ కూర చేసుకోని రా." పోయాను. కూర తిన్నది, మెచ్చుకున్నది, ఐదో మాట మాత్రం ఇవ్వలేదు. చివరి దాకా ఇవ్వలేదు. నొచ్చుకున్నాను, దాచడమెందుకు?

అందుకే పెద్దమ్మ పోయిన రోజు, సమాధి దగ్గర మాట్లాడడానికి బస్సులో దారి పొడుగునా తయారయ్యాను. ఎక్కడ ఆగాలో, ఏ మాటకు జనం కళ్ళు తుడుచుకుంటారో కూడా చూసుకున్నాను. ఇక నన్ను ఆపేదెవరు?

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక మా చర్చి అయ్యగారు, "ఎవరైనా రెండు మాటలు చెప్తారా?" అన్నారు. నేను కొంగు సర్దుకునే లోపలే గొర్రెలు మేపే ఆమె ముందుకొచ్చింది.

"నాకు సూదంటే బయం. మైకంటే ఇంగా బయం. రెండుసార్లూ ఈ యమ్మే నా చెయ్యి పట్టుకునింది."

ఆమె తర్వాత మగ్గం ఆమె. తర్వాత ఇంకొకామె, ఇంకొకామె. పెద్దమ్మ ఎక్కించిన వాళ్ళు ఒక్కొక్కరే మైకు లేకుండా, కాగితం లేకుండా ముందుకొచ్చి చెప్పారు. ఎండ కొండ మీదికి ఎక్కిపోతోంది. "చీకటి పడతాంది, ఇంకొక్కరు చాలమ్మా" అన్నారు అయ్యగారు. వరసలో ముందున్నది నేనే. నా వెనక అంట్లు తోమే ఆమె, కొంగు నోట్లో కుక్కుకొని నిలబడి ఉంది.

"నువ్వు చెప్పుమ్మా" అని పక్కకు జరిగాను. జరిగి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాను. అవును, చూశాను.

ఎవరూ నన్ను చూడలేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు. గుంత పూడ్చడానికి వచ్చిన ఇద్దరు మనుషులు కూడా పారలు కింద పడేసి, తలగుడ్డలు తీసి చేతుల్లో పట్టుకొని, మట్టి కుప్ప మీద కూర్చొని వింటున్నారు.