సత్తుగిన్నెల మేడ

ఆ టీ కప్పులు కింద పెట్టి ఇనండర్రా. ఎవడైనా తాను కట్టిన మేడని తానే సుత్తి పుచ్చుకుని, నలుగురూ సూస్తుండగా సావగొడతాడా? నాను కొట్టినాను! పైగా యాంగన్లో మా తాకేటా పేట ఈదంతా సెబాసన్నారు. మా ఇంటిది రాహేలు తప్ప. అది ఇప్పటికీ నాతో సగం మాటలే మాట్లాడతంది. మిగతా సగం గిన్నెలొచ్చాక మాట్లాడతాదంట.

అసలేటయ్యిందంటే... మా మనవరాలు మెర్సీ తెలుసు కదా, ఏడేళ్ళ గుంట. ముందు కరోనా అని బడి మూసీసినారు. ఆనక సైన్యమోళ్ళు గద్దెక్కీసినారు, ఇంక బడి మాటే నేదు. ఈదిలోకి పంపనేం. పోనీ ఇంట్లో ఆడుకుంటాదంటే, మొన్న మన సెంటర్లో జనాన్ని సెదరగొట్టడానికి సైన్యమోళ్ళు సౌండ్ బాంబులు పేల్సినారు సూడండి, అప్పట్నుంచి దీనికి సప్పుడంటే బయం. తలుపు గట్టిగా ఏసినా మంచం కిందకి దూరిపోద్ది.

ఇక రేతిరి ఎనిమిదైతే మన ఊరి సంగతి తెలిసిందే. బర్మావోళ్ళు దెయ్యాన్ని తోలడానికి గిన్నెలు కొట్టినట్టు, ఈ దొరతనాన్ని తోలడానికి ఇంటింటా గిన్నెలు, మూకుళ్ళు, తపేలాలు... యాంగన్ యాంగనంతా మోగిపోద్ది! మేమూ కొడతాం. కొట్టకపోతే పోలీసోళ్ళ మనిషనుకోరూ? రాహేలు గుమ్మంలో సత్తుగిన్నె వాయిస్తంటే, లోపల ఈ గుంట మంచం కింద తలగడ నెత్తినెట్టుకుని ఉంటాది. నాను ఓ కన్ను ఈది మీదా, ఓ కన్ను మంచం మీదా ఏసి కొడతాను.

ఆకరికి అన్నాను, "ఒలే మెర్సీ, నీకో బొమ్మలిల్లు కట్టిస్తాను. ఎనిమిదింటికి నువ్వు మంచం కిందకి ఎల్లక్కర్నేదు. నీ ఇల్లు నువ్వు సూసుకుందువు."

నాకేటి తక్కువ? ఊరి నడుమ చౌక్తడాలో ఆ విక్టోరియా రాణీగారి కాలంనాటి ఎర్ర మేడలు నిలబడున్నాయంటే నా సేతి మేకుల మీదే కదా! నవ్వకండి. అక్కడ ఓ కిటికీకి నాను బందు బిగించినాను. బందు ఊడితే కిటికీ పడిపోద్ది. కిటికీ పడితే గోడ. గోడ పడితే మేడ! లెక్క సూసుకోండి.

మెర్సీ ఫోన్లో ఓ వీడియో సూపించింది. ఎవరో దొరసాని బొమ్మలిల్లు కడతంది. కింద ఫారం హౌసంట, అంటే మన రైతు ఇల్లు. పైన విక్టోరియా మోడలంట, అంటే రాణీగారి మేడ. రెండూ కలిపీసినాది!

"ఇదే కావాలి తాతా" అంది గుంట.

రాహేలు కూడా తొంగి సూసింది. "మా మామ్మ సెప్పేది మావా, ఓడెక్కి ఈ దేశం రాకముందు సికాకోలు దగ్గర ఆళ్ళకి పెంకుటిల్లు, అరుగు, పక్కనే ఆవుల సాల ఉండేవంట. కింద అలాగే కట్టు" అంది.

సరే అంటే సరే అన్నాను. వీడియోలో గోడలు లేచినాయి. ఆ దొరసాని పైకప్పు ఎలా ఎయ్యాలో సెప్పబోతంది... నెట్ కట్! ఆ పాడు సున్నా ఇంకా గుండ్రంగా తిరుగుతానే ఉంది.

కింద ఇల్లు మాత్రం సుబ్బరంగా కుదిరింది. పళ్ళ పెట్టెల సెక్కతో అరుగు, సాల. సాలలో మట్టి ఆవు. కూసింత పందిలాగొచ్చింది గానీ, పాలిచ్చే మొగమే! పైన మేడ మీద రెండు గదులు, మిఠాయి కాగితాల్తో రంగుటద్దాలు. మెర్సీ పక్కనే కూకుని ఒక్కటే అడిగింది.

"తాతా, మంచం కింద జాగా ఉంచు. బొమ్మలు దాక్కోవాలి కదా."

నాను సుత్తి కింద పెట్టీసినాను.

"దాక్కోడమేటే? మేడ మీద దర్జాగా కూకుంటాయి!"

ఇంటేనా? గుడ్డబొమ్మలన్నిటినీ తీసుకెల్లి సాలలో ఆవు ఎనకాల తోసీసింది. పైనంతా కాళీ.

అప్పుడు నా బుర్రకి తట్టింది. గోపురాలు నేవు, అందుకే ఎవరూ మేడెక్కలేదు! రేకుల కొట్టుకెల్తే మూసీసున్నాది. రాహేలేమో తామ్వే పేటలో సెల్లెల్ని సూడ్డానికెల్లింది. వంటింట్లోకెల్లి సూద్దును కదా, మూడు సత్తుగిన్నెలు వరసగా బోర్లించున్నాయి. మీరే సెప్పండి, బోర్లించిన సత్తుగిన్నె గోపురంలాగుండదా? అడుగున కన్నాలు పొడిసి, మేకులు దిగ్గొట్టీసినాను. గంజి వార్సే సిబ్బులు కత్తిరించి సూరు పొడుగునా పూలు పూలుగా ఏలాడదీసినాను. అబ్బ! ఆ రాణీగారు బతికుంటే అద్దెకొచ్చును. రాహేలు రాగానే సూపిద్దారని నా లుంగీ కప్పి ఉంచినాను.

అది దీపాలేళకి ఒచ్చింది. కాళ్ళు కడుక్కుంది. ఇంతలో ఎనిమిదైపోనాది, ఈది మొదలెట్టీసినాది. మెర్సీ మంచం కిందకి ఎలిపోనాది.

"మావా, నా గిన్నేది?"

"ఏ గిన్నె?"

"ఏ గిన్నేటి? కొట్టే గిన్నె!"

"పైనుంది."

"అటక మీదా?"

"కాదు. మేడ మీద."

లుంగీ తీసినాను. రాహేలు సేతిలో గరిటతో గోపురాలు లెక్కెట్టింది.

"మూడూనా?"

"రాణీగారి మేడకి ఒక్క గోపురమేటి బాగుంటాదే?"

"నా సిబ్బులేవి?"

"అవి పూలు."

ఎదురింటి కిటికీలోంచి బర్మావిడ డో టిన్, నా పేరుకి గారు అన్నట్టు 'ఊ' తగిలించి మరీ కేకేసింది. "ఊ డానియేల్! మీ ఇంట్లో అందరూ తొంగున్నారా ఏటి?"

రాహేలు కంగారుగా మట్టి దాక ఎత్తింది. "అది పగిలితే రేపు పులుసు కూడా ఉండదే!" అన్నాను.

"అయితే రైస్ కుక్కర్ కొట్టనా?"

"షాక్ కొడతాది!"

ఇంక మిగిలిందేటి? మేడే. ఇద్దరం దానికేసి సూసినాం. రాహేలే మెల్లగా అంది, "ఒద్దు మావా. గుంట ఇల్లు."

ఈదంతా మోగుతంది, మా ఇల్లొక్కటే మూగదైపోనాది. నాను ఎవడికీ బయపడను, మీకు తెలుసు. ఆ రేతిరి తలుపు సాటున నిలబడినాను.

అప్పుడు మంచం కింద నుంచి ఓ సిన్న బుర్ర బయటికొచ్చింది. తలగడ ఇంకా నెత్తి మీదే ఉంది.

"తాతా, మన ఇల్లు ఎందుకు కొట్టలేదు?"

"గిన్నెల్నేవమ్మా. నీ మేడెక్కీసినాయి."

మెర్సీ పాకుతూ ఒచ్చింది. ఈదికేసి సూసింది. మేడకేసి సూసింది. తలగడ కింద పెట్టి, మామ్మ సేతిలో గరిట లాక్కుంది. పెద్ద గోపురం నెత్తిన ఒక్కటిచ్చింది.

టణంగ్!

మళ్ళీ మంచం కిందకి పరిగెడతాదనుకున్నాను. అది గరిటకేసి సూసుకుంది.

"నా ఇల్లు అరుస్తంది తాతా!"

ఇంకోటిచ్చింది. ఇంకోటి. "నువ్వూ కొట్టు! గట్టిగా!"

మేడని గుమ్మంలోకి ఈడ్సీసినాం. నాను సుత్తి, మెర్సీ గరిట, రాహేలు తిరగలి కర్ర. దానికి నా మీదున్న కోపం కూడా కలిసొచ్చింది. మూడు గిన్నెలు, కింద బోలు పెట్టె... ఆ మోత ఏటనుకున్నారు! పజుండౌం కాలవ అవతల దాకా ఇనబడిందంట. సేపలు గట్టెక్కి సూసినాయంటున్నారు. నాను సూడలేదు గానీ, నమ్మినాను.

తెల్లారి సూస్తే గోపురాలు మూడూ తొక్కిన టోపీల్లాగున్నాయి. సూరు పూలు ఈదిలో ఏరుకున్నాం. సాల కాళీ! బొమ్మలన్నీ మేడ మీద కిటికీల దగ్గర కూకున్నాయి. ఆవుని కూడా ఎక్కించీసినాది. ఒక్కోదాని సేతిలో ఒక్కో అగ్గిపుల్ల. గరిటలంట!

"ఇల్లు కట్టమంటే డప్పు కట్టినాడు" అంది రాహేలు. ఆ సగం మాటల్లో అదొకటి.

అంతలో డో టిన్ ఒచ్చింది. మేడ సుట్టూ తిరిగి, ఒంగి సూసి, "ఊ డానియేల్, ఎంత పనితనం! నాకూ ఒకటి సేసి పెట్టవా?" అంది.

నాను మీసం తిప్పినాను. రాహేలుకి ఇనబడేటట్టు అడిగినాను, "రైతు ఇల్లు కావాలా, రాణీగారి మేడ కావాలా?"

"ఇల్లొద్దు నాయనా" అంది డో టిన్. "ఎనిమిదింటికి పైకప్పొకటీ సాలు."