బోణీకి ముందు అడిగిన ప్రశ్న

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకైతే "మొదటి రోజు బాగానే గడిచింది" అనేసి స్నానానికి పరిగెత్తాను. నిజానికి ఆ రోజు బందరు చేపల మార్కెట్లో ఒక వరస వ్యాపారాన్నంతా ఒక్క ప్రశ్నతో ఆపేశాను.

నా ఉద్యోగం సర్వే. వయసు మళ్లినవాళ్లు ఏ పనులు చేస్తున్నారు, ఫోన్లూ అవీ ఎంతవరకు వాడుతున్నారు, ఏం నేర్పిస్తే వాళ్లకి ఉపయోగం అన్నది తెలుసుకుని ప్రభుత్వం పథకాలు వేస్తుందట. "ఇవాళ ఒక్క ఇంటర్వ్యూ అయినా పూర్తిగా తే. లేదంటే రేపు రానక్కర్లేదు" అన్నారు సూపర్‌వైజర్ గారు. నేనేమో కొత్తవాళ్ల ముందు కరెంటు పోయిన మిక్సీలా అయిపోయే రకం. అందుకే ప్రశ్నలన్నీ బట్టీపట్టి, పొద్దున్నే జనం రాకముందే వెళ్లాను. ఎంత తెలివో చూడండి!

చేపల బుట్ట ముందు కూర్చున్న నాంచారమ్మ మామ్మ దగ్గర ఆగాను. కంగారులో మొదటి ప్రశ్నలన్నీ ఎగిరిపోయి, చివరిది బయటపడింది.

"మామ్మగారూ, ఈ వ్యాపారం ఎప్పుడు మానేద్దామనుకుంటున్నారండీ?"

వరస మొత్తం కత్తిపీటలు ఆగిపోయాయి.

"బోణీ కాకుండానే మానేయమంటావేంటే పిల్లా!" మామ్మ లేచింది.

"అయ్యో, నాకూ వినపడిందే!" అంటూ పక్కావిడ చెవులు మూసుకుంది, కాస్త ఆలస్యంగా.

"సారీ అండీ..."

"సారీకి చేపలు అమ్ముడవుతాయా? నువ్వే బోణీ చెయ్యి."

"మేం చేపలు తినమండీ."

"తినమన్నానా? కొనమన్నాను."

పర్సు మరిచిపోయాను. ఫోన్ తీస్తే ఛార్జింగ్ లేదు. మామ్మ తన స్కానర్ బోర్డు వెనక్కి లాక్కుని నా వంక జాలిగా చూసింది.

"ఛార్జింగ్ పెట్టుకోవడం నేర్పలేదా మీ గవర్నమెంటోళ్లు? సరే, కూర్చో. బోణీ అయ్యేదాకా నువ్వే పిలువు."

కూర్చున్నాను. "చేపలండీ..." అన్నాను, లైబ్రరీలో పుస్తకం అడిగినట్టు.

దారినపోయే ఒకాయన వంగాడు. "ఏంటమ్మా?"

"చేపలండీ..."

"రహస్యంగా చెప్తోంది, మంచి సరుకేమో" అని ఇంకొకాయన వంగాడు. వీళ్లెందుకు వంగారో చూద్దామని మరికొందరు. అందరి వెనకా వంగిన ముఖం మా సూపర్‌వైజర్ గారిది.

"నువ్వేంటమ్మా ఇక్కడ? ఇంటర్వ్యూ ఏది?"

ఈలోగా మొదటాయన పండుగప్ప కొన్నాడు. డబ్బులు పడ్డాయని స్కానర్ పెట్టె అరిచింది. మామ్మ ఆ పెట్టెనే తీసి కళ్లకద్దుకుంది.

"ఇప్పుడడుగు" అంది.

సూపర్‌వైజర్ గారి ఎదుటే అన్నీ వరసగా అడిగాను. ఆ చివరి ప్రశ్న మాత్రం వదిలేశాను. బోణీ కానివాళ్లని వాళ్ల భవిష్యత్తు గురించి ఈ జన్మలో అడగనని, ఒంటికంటిన పొలుసుల సాక్షిగా అక్కడే ప్రతిజ్ఞ చేసుకున్నాను.

మామ్మే అందుకుంది. "ఎప్పుడు మానేస్తాననే కదా? రాసుకో. నువ్వు నాలా గట్టిగా అరవగలిగిన రోజున. ఇంకా చాలా టైముందని చెప్పు మీ గవర్నమెంటోళ్లకి."