భూమేశ్ నేర్చిన మలయాళం

నేను గంగాధరం. కోరుట్ల దగ్గర పల్లెటూరి బడిల ఏడో తరగతి దాకా చదివిన. ఆ యేడు పరీక్షల మా బడికి ఫస్టు నేనే. నలభై ఏండ్ల కింద మస్కట్‌ల దిగిన. షట్టరింగ్ కార్పెంటరుగ మొదలుపెట్టి ఫోర్మెన్ అయిన. పదకొండేండ్లు నా సైట్‌ల మనిషి కింద పడలేదు, దానికి కంపెనీ ఇచ్చిన షీల్డు, ఇప్పుడు నేను చూసుకునే అల్ అమెరాత్ సామాన్ల స్టోర్‌ల నా కుర్చీ ఎనుక ఉన్నది. అరబ్బీ, హిందీ, మలయాళం మాట్లాడుత. మలయాళం చదువుత గూడ. హోటల్ టేబుళ్ల మీద వదిలేసిన పాత పేపర్లు తెచ్చుకొని, అక్షరం అక్షరం అడిగి నేర్చుకున్న. మా క్యాంపుల ఆ పని చేసిన తెలుగోడు ఇంకోడు లేడు. భూమేశ్ సంగతి రాయాల్నంటే నా సంగతి చెప్పక తప్పదు, అందుకే చెప్పిన.

భూమేశ్‌ది మా పక్కూరు. నాకంటె ఆరేండ్లు చిన్న, నన్ను అన్నా అంటుండె. వీసా పంపి పిలిపించింది నేనే. ప్లాస్టరింగ్‌ల వాని చెయ్యి పడితే గోడ అద్దం లెక్క వస్తుండె. బౌషర్‌ల ఒక దవాఖానల నర్సుగ చేసే పాలక్కాడ్ పిల్లను పెండ్లి చేసుకున్నడు. ఆశ పుట్టిన నాలుగేండ్లకే ఆమె జబ్బు చేసి పోయింది. బిడ్డను హమ్రియాల ఒక్క అర్రల పెంచి, ఇండియన్ స్కూల్‌ల హిందీ, ఇంగ్లీషు చదివించిండు, తెలుగు అక్షరాలు ఇంట్ల తనే నేర్పిండు. తల్లి భాష ఆ పిల్లకు చెవులకే గాని కండ్లకు అందలేదు.

భూమేశ్ మలయాళం మాటలు భార్య దగ్గర నేర్చిండు, సామెతలు సైట్‌ల నేర్చిండు. మా గ్యాంగు మీద చార్జ్‌హ్యాండ్, మలయాళీ నిజాముద్దీన్ అన్నం తినేటప్పుడు రోజుకొకటి చెప్తుండె, వీడు నోటుబుక్కుల తెలుగు అక్షరాలల్ల రాసుకుంటుండె. నిజాముద్దీన్ వాటిల చాన వరకు సరిగ్గనే చెప్పి, నడుమనడుమ ఒకదాని తలకు ఇంకోదాని తోక అతికిస్తుండె, అర్థం తలకిందులు చేస్తుండె. ఓణం భోజనాల నాడు భూమేశ్‌ను కుర్చీ ఎక్కించి చెప్పిస్తుండ్రి. మలయాళీలు కడుపులు పట్టుకొని నవ్వి చప్పట్లు కొడుతుంటే, తన చెప్పుడు అంత కమ్మగున్నదనుకొని వీడు ఇంకో నాలుగు చెప్తుండె.

నాకు మొదటి యేడే తెలిసింది. నేను గూడ నవ్విన. చెప్తె ఆట చెడిపోతదన్నడు నిజాముద్దీన్. ఇరవై ఏండ్లు ఎవ్వరం చెప్పలేదు.

మొన్నటి ఓణం కంటె ముందు ఓణం నాడు ఎవరో నన్ను గూడ నాలుగు మాటలు మాట్లాడుమన్నరు. నేను లేచేలోపు భూమేశ్ కుర్చీ మీదికెల్లే అన్నడు, “మా అన్న మలయాళం సిమెంటు కలిపేటందుకు పనికొస్తది. సభకు పనికిరాదు.” నూటయాభై మంది నవ్విండ్రు. నేను పట్టుకొచ్చిన మనిషి, నేను పని నేర్పిన మనిషి. నేను చెయ్యి గూడ కడుక్కోకుండ రూముకు పోయిన.

ఆ చలికాలమే ఆశకు కష్టమొచ్చింది. ఆమె పనిచేసే క్లినిక్‌ల రిసెప్షన్ పని ఒమానీ పిల్లకు ఇస్తమని, ఏడాది ఆఖరుకు వీసా క్యాన్సిల్ అని చెప్పిండ్రు. ఇండియాల ఆమెకున్నది పాలక్కాడ్ దగ్గర తల్లి పేరు మీది చిన్న ఇల్లు ఒక్కటే. అందుకని కేరళ సర్కారు క్లర్కు పరీక్షకు కట్టింది. అది మూడు నాలుగేండ్లకోసారి వస్తది, మళ్ల వచ్చేసరికి ఆమెకు వయసు దాటుతది. అక్షరాలు ఫోన్ చూసుకుంట మూడు నెలల్ల నేర్చుకున్నది. లెక్కలు, జనరల్ నాలెడ్జి ముందే వచ్చు. సామెతలు, పదాల అర్థాలు మాత్రం బాపు నోటుబుక్కుల నుంచి బట్టీ పట్టింది. డ్యూటీ నుంచి వచ్చి, సున్నం చేతులు కడుక్కొని, భూమేశ్ రోజూ అప్పజెప్పించుకుంటుండె. తప్పు చెప్తె నెత్తి మీద మొట్టుతుండె. ముప్పై మూడేండ్ల బిడ్డను.

పరీక్షకు పన్నెండు రోజులుందనంగ ఆశ స్టోర్‌కు వచ్చింది. ఒక చేతిల నోటుబుక్కు, ఇంకో చేతిల కేరళ నుంచి తెప్పించుకున్న గైడు.

“పెద్దబాపూ, బాపు రాసింది ఒక తీరుగున్నది, గైడుల ఇంకో తీరుగున్నది. బాపును అడిగితే, నా కంటె వాళ్లకు ఎక్కువ తెలుసా అని ఎగిరిండు. నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్పు. ఏది పట్టుకోవాలె?”

నేను కండ్లద్దాలు పెట్టుకొని పేజీలు తిప్పిన. నిజాముద్దీన్ అతికించినయన్నీ ఎక్కడియక్కడ కనబడ్డయి. చెప్పేందుకు పావుగంట చాలు, దిద్దుకునేందుకు ఆ పిల్లకు పన్నెండు రోజులున్నయి. కుర్చీ మీద నిలబడ్డ భూమేశే నా కండ్ల ముంగట ఉన్నడు.

“గైడ్లల్ల అచ్చుతప్పులు మస్తుంటయి,” అన్న. “మీ బాపునే నమ్ము.”

ఆమె నా కాళ్లు మొక్కి పోయింది.

పాలక్కాడ్ పోయి పరీక్ష రాసింది. జవాబుల పట్టి వచ్చింది, లిస్టు వచ్చింది. కటాఫ్‌కు రెండు మార్కులు తక్కువ పడ్డది. నోటుబుక్కుల నుంచి ఆరు ప్రశ్నలొస్తె ఐదు తప్పులు, తప్పుకు తప్పుకు కోత వేరే.

సామాను సర్దుకునేందుకు ఆమె మస్కట్ వచ్చిన శుక్రవారం, తండ్రీబిడ్డలు ఇద్దరూ స్టోర్‌కు వచ్చిండ్రు. భూమేశ్ చేతిల జవాబుల పట్టి ఉన్నది, మొఖం ఎర్రగున్నది. కేరళోళ్లు తప్పు జవాబులు పెట్టిండ్రు, మనం అర్జీ పెట్టాలె, నువ్వు మంచి మలయాళంల రాసియ్యి అన్నడు. వానికి అప్పటికీ అనుమానం రాలేదు. ఆశ నన్నే చూస్తున్నది.

నేను నోటుబుక్కు అడిగి తీసుకున్న. కార్పెంటర్ పెన్సిల్‌తోటి మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటి కొట్టేసుకుంట పోయిన. నలభై ఒకటి తేలినయి. ఎవరు చెప్పిండ్రో, ఎందుకు చెప్పిండ్రో, ఓణం నాడు ఎందుకు నవ్విండ్రో అంత చెప్పిన. భూమేశ్ ఆ గీతల మీద వేలు పెట్టి, పెదవులు కదిలించుకుంట చదివిండు.

“నీకెప్పటి సంది తెలుసన్నా?”

“మొదటి సంది.”

ఆశ అడిగింది, “నేను వచ్చిన్నాడు గూడ తెలుసా?”

“తెలుసు.”

“బాపు ఒక్క మాట అన్నడని నా బతుకు తీసినవ్.”

అవునన్న. అబద్ధం చెప్పేందుకు నాకు చేతగాక గాదు, ఇంక దాని అవసరం లేకుండె. ఆమె తండ్రి దిక్కు తిరిగి, గైడు చూపించిన్నాడు నువ్వైనా వింటివా అన్నది. వాడు వినలేదు, అది నిజమే. ఇద్దరూ ఎండల నడుచుకుంట పోయిండ్రు. బస్సు దాకా తండ్రి ముందట, బిడ్డ ఇరవై అడుగుల ఎనుక.

ఆశ ఇప్పుడు పాలక్కాడ్‌ల ఒక బట్టల దుకాణంల పొద్దంత నిలబడి చీరలు చూపిస్తున్నదట. తండ్రికి ఫోన్ చెయ్యదట. ఈ సంగతి నాకు నిజాముద్దీన్ చెప్పిండు, నవ్వుకుంటనే చెప్పిండు.

ఆమె విమానం ఎక్కిన మరునాడు పొద్దున భూమేశ్ సామాను కోసం స్టోర్ కిటికీ దగ్గరికి వచ్చిండు.

“భాయ్‌సాబ్, దో కర్నీ దేనా,” అన్నడు.

నేను రెండు తాపీలు తీసి ఇచ్చిన. ముప్పై ఏడేండ్లల మా ఇద్దరి నడుమ హిందీ రావుడు అదే మొదలు. ఇయ్యాల్టికి ఎనిమిది నెలలు. రోజూ హిందీలనే అడుగుతడు, నేను హిందీలనే జవాబిస్తున్న.