ఫ్లెక్సీ వచ్చేదాకా

హైదరాబాదు బస్తీలో వందమంది పేద పిల్లలకు నా చేత్తో కడుపునిండా అన్నం పెట్టానని సూర్యాపేటంతా చెప్పుకు తిరిగాను. నిజానికి ముప్పైమందే. వడ్డించిందీ వంటవాడే.

ఆ రోజు నా డెబ్బయ్యో పుట్టినరోజు. మిర్యాలగూడ నుంచి సన్నబియ్యం తీసుకెళ్లాను. నా ఫొటోతో ఫ్లెక్సీ మాత్రం చవకని కోదాడలో వేయించాను. అది తెస్తున్న బావమరిది కారు దారిలో చెడిపోయింది. ఫ్లెక్సీ లేకుండా ఫొటో దిగితే ఏం బాగుంటుందని గిన్నెల మూతలు తియ్యనివ్వలేదు. పిల్లలు ఖాళీ విస్తళ్ల ముందే కూర్చున్నారు.

"తాతా, ఆకలైతుంది," అంది ఒక పాప.

"జర ఆగు బిడ్డా, ఫొటో మంచిగ రావాలె," అన్నాను.

మూడింటికి ఫ్లెక్సీ కట్టి, పిల్లలతో ఫొటో దిగాకే వడ్డించనిచ్చాను. ఆ ఫొటోలో నవ్వుతున్నది నేనొక్కణ్ణే. ఇప్పుడది చూస్తే సిగ్గుతో తల వంగిపోతుంది.

వచ్చేస్తూ, బస్తీ పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మతో, "లేటైతే అయింది గానీ, నా పుణ్యాన ఇయ్యాల ఇందరికి బువ్వ దొరికింది గదమ్మా," అన్నాను.

"ఏం పుణ్యం పెద్దాయనా! నువ్వు పిలిస్తేనే గద బడిల నుంచి తోలుకొచ్చిన. నువ్వు రాకుంటే పన్నెండింటికే బడిల బువ్వ తిందురు. నీ వల్లనే ఇంతసేపు ఆకలికున్నరు," అంది.