మార్తమ్మ ఇంటి చదువు

కొత్త చింతపండు వాసన తగిలితే అందరికీ నోట్లో నీళ్లూరుతాయి. నాకు మాత్రం చెవులు వేడెక్కుతాయి. మొన్న మా వీధిలో ఒకామె తోపుడుబండి మీద చింతపండు ముద్దలు పెట్టుకుని అరుస్తూ పోతుంటే తలుపు తీశాను. ఎండకు మెత్తబడిన ఆ వాసన గడపదాకా వచ్చింది. బేరం కూడా ఆడకుండా ఒక ముద్ద కొని, లోపలికి తెచ్చి, ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఏళ్ల పైమాట. సరిగ్గా ఇలాంటి ముద్దనే గుడ్డలో కట్టుకుని, ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చి, నంద్యాలలో మా గుమ్మం ముందు నిలబడింది మార్తమ్మ. ఆమె కూతురి చదువు మీద నేను మన్ను పోసిన మూడో రోజది. తిట్టిపోయడానికే వచ్చిందనుకున్నాను. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. డెబ్బైల చివర్లో నేను నంద్యాలలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరి రెండేళ్లయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టుండేది నా వరస. పదో తరగతి లెక్కల పరీక్ష నాడు నన్ను ప్రైవేటుగా కట్టిన పిల్లల గదికి వేశారు. మూడో బెంచీలో పదహారేళ్ల పిల్ల ఒకతె, నూనె పెట్టి బిగించి అల్లిన జడ, పేరు సలోమి. గంటసేపు తల ఎత్తకుండా రాసింది. తర్వాత లేచి నిలబడి, "టీచర్, ఈ నాలుగో లెక్క నాకు తెలీలే. ఎట్లా చేయల్ల?" అని అడిగింది.

గదంతా కిసుక్కుమంది. కూర్చోమని గదమాయించాను. కూర్చుంది. కూర్చుని వెనక్కి తిరిగి, గొంతైనా తగ్గించకుండా, అదే లెక్క నీకు తెలుసా అక్కా అని వెనక పిల్లను అడిగింది. చీటీలు దాచుకున్న పిల్లల్ని చూశాను, అరచేతుల్లో రాసుకొచ్చిన వాళ్లనూ చూశాను గానీ, సంతలో వంకాయల ధర అడిగినట్టు అడిగిన పిల్లను అదే చూడటం. పేపరు లాక్కున్నాను. పరీక్షల పెద్దగా ఉన్న ముసలి మాస్టారు వచ్చి, పల్లెటూరి పిల్ల, తెలీక చేసింది, బెదిరించి వదిలెయ్యమ్మా అన్నాడు. నేను వినలేదు. నా గదిలో పిల్లలు నవ్వారన్న ఉక్రోషం నాది. మాల్‌ప్రాక్టీసు అని రిపోర్టు రాసి సంతకం గీకాను. దాంతో ఆ ఏడు ఆ పిల్ల రాసిన పరీక్షలన్నీ గంగలో కలిశాయి. ఆ పిల్ల ఏడవను కూడా లేదు. "నేనేం చేసినా టీచర్?" అని ఒక్కసారి అడిగింది. నేను రిపోర్టు మడిచి కవర్లో పెట్టాను.

మూడో రోజు వాళ్లమ్మ వచ్చిందన్నాను కదా. చింతపండు గడప లోపల పెట్టి, నేను కుర్చీ చూపించినా అరుగు మీదనే కూర్చుని, చెంబెడు నీళ్లు తాగింది. నలభై దాటని మనిషి, సన్నగా, ఎండకు మాడిన ముఖం. "మా పిల్ల ఒక్క దినం గూడా బడికి పోలేదమ్మా," అంది. "పరీక్షంటే ఏందో దానికి నేను చెప్పలే. నాకూ తెలీదు. తెలిసినోళ్లను అడిగి పోదామని వచ్చినా."

ఎత్తిపొడుపేమో అని ముఖంలోకి చూశాను. మచ్చుకైనా లేదు. సరేనని పాఠం చెప్పినట్టు చెప్పాను: ఎవరికి వాళ్లే కూర్చుని తెలిసింది రాయాలి, ఒకరినొకరు అడగకూడదు, మేం దిద్దుతాం, తెలిసినవాళ్లు పాసవుతారు, తెలియనివాళ్లు తప్పుతారు. ఆమె శ్రద్ధగా విని అడిగింది: "తెలీదని తేలిపోయినోళ్లకు, ఆ తెలీంది మళ్లా ఎవురు చెప్తారమ్మా?"

బీయీడీలో నన్నెవరూ అడగని ప్రశ్న. ఎవరూ చెప్పరని చివరికి ఒప్పుకున్నాను. ఆమె ఓహో అంది, అంతే. నన్ను కించపరచాలని లేదు. ఆ రోజు తెలుసుకున్న సంగతుల్లో అదొకటి, దాన్నీ మూటలో వేసుకుంది.

అప్పుడు చెప్పింది అసలు కష్టం. ఆమె భర్త దేవదానం ఆళ్లగడ్డ బయట కాలువ మీద లస్కరు, తూము తలుపులు ఎత్తి దించే పని. తూము పక్కనే సర్కారు ఇచ్చిన రెండు గదుల ఇల్లు. ముగ్గురు పిల్లలు: సలోమి, దానియేలు, రూతు. మొదట బడి దూరమని పంపలేదట. తర్వాత, పంపకపోయినా పిల్లలు నేర్చుకోవడం కళ్లారా చూసి, ఇష్టపడే పంపలేదట. దేవదానం అన్నదమ్ములు మాత్రం లస్కరు పిల్లలు కాలువలో చేపలైపోయినారని నవ్వేవాళ్లు. మాట పడీ పడీ అతను ఒక షరతు పెట్టాడు. సలోమి పదో తరగతి పాసయితే మార్తమ్మ దారి మార్తమ్మది. తప్పితే చిన్నవాళ్లిద్దరినీ నంద్యాల హాస్టల్లో వేస్తాడు. పరీక్ష పోయిందని తెలిసిన రోజే పెట్టె సర్దబోతే, ఇంకొక్క ఏడు ఆగమని బతిమాలుకుందట.

"లెక్కలు అది ఎవుర్నన్నా అడిగి నేర్చుకుంటాది. పరీక్షే రాదు దానికి. నువ్వు నేర్పిస్తావా తల్లీ?" అంది. పోతూ పోతూ, నీదేం తప్పులేదులే, రూలంట గదా, నువ్వేం చేస్తావు అని నన్నే ఓదార్చింది. రూలు కాదు, నా ఉక్రోషం అని చెప్పాల్సింది. తల ఊపి ఊరుకున్నాను.

అట్లా ఆదివారం ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఆళ్లగడ్డ బస్సెక్కడం మొదలుపెట్టాను. నేర్పడానికి పోతున్నానన్న బింకం రెండు ఆదివారాలు కూడా నిలవలేదు. ఆ ఇంట్లో చట్టం ఒకటే: తెలియంది అడక్కపోవడం తప్పు, తెలిసింది చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. పొద్దుగూకేవేళ అందరూ సంగటి ముందు కూర్చుంటే, ఈరోజు ఎవర్ని ఏమడిగినారో ఒక్కొక్కరూ చెప్పాలి. పదకొండేళ్ల దానియేలు ఊళ్లోకి పోయి, బొమ్మలు చెక్కే ఆచారి రాయిని కొనేముందు సుత్తితో ఎందుకు తడతాడో అడిగి వచ్చేవాడు. ఎనిమిదేళ్ల రూతు, నల్లమల నుంచి జిగురూ తేనే అమ్మడానికి దిగివచ్చిన చెంచు అవ్వ వెనకాల సంతంతా తిరిగి, ఏ చెట్టు జిగురు ఏ కాలంలో కారుతుందో తెలుసుకుని వచ్చేది. మార్తమ్మ శభాష్ అనేది కాదు. "నాకు గూడా చెప్పు" అనేది. అని, చేతిలో ముద్ద ఆపేసి, ఎనిమిదేళ్ల పిల్ల దగ్గర చెట్ల పేర్లు వల్లె వేసేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ సామెత ఆ ఇంటి గడప తొక్కలేదు. అమ్మ నిజంగా నేర్చుకుంటోందని ఆ పిల్లలకు తెలుసు. నా క్లాసులో నలభైమంది ముందు నేను ఏనాడూ ఏదీ నేర్చుకోలేదు.

ఒక ఆదివారం కాలువ నిండుగా పారుతోంది. నీళ్లు ఒడ్డున వడిగా పోతాయా, నడిమధ్యనా అని దానియేలుకూ రూతుకూ వాదు పడింది. నేను టీచర్ని కదా, నడిమధ్యనే అని తీర్పు చెప్పేశాను. మార్తమ్మ అటకమీంచి మూడు ఎండు సొరకాయ బుర్రలు తీసి పిల్లల చేతికిచ్చింది. వాళ్లు వంతెన మీదికెక్కి, ఒకటి నడుమ, రెండు అంచుల్లో ఒకేసారి వదిలి, కేకలేస్తూ గట్టు వెంబడి పరుగు. నేనూ చీర ఎత్తిపట్టి పరిగెత్తాను. నడిమి బుర్ర ముందు పోయింది. గెలిచానని ఆయాసపడుతూ నిలబడితే, రూతు నా చెయ్యి పట్టుకుని ఎందుకట్లా అని అడిగింది. పుస్తకంలో అట్లా ఉంది అన్నాను. పుస్తకం రాసినాయనకు ఎవరు చెప్పినారో అని మార్తమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది. చిన్నపిల్లల ముందు మొట్టమొదటిసారి నా నోటివెంట "నాకు తెలీదు" అన్న మాట వచ్చింది. ఆకాశం విరిగి మీద పడలేదు. పైగా ముగ్గురూ నా చుట్టూ చేరి, ఎవర్ని అడుగుదామా అని ఆలోచనలో పడ్డారు. మరుసటి ఆదివారానికల్లా కాలువ ఓవర్సీరును అడిగి పెట్టుకున్నారు. ఒడ్డు మట్టి నీళ్లను పట్టి లాగుతుందట, నడుమ లాగేదేమీ లేదట. బస్సు దిగానో లేదో నాకు చెప్పడానికి ఎదురొచ్చారు.

ఇక నేను వాళ్లకు నేర్పింది ఏమిటంటే, నోరు మూసుకోవడం. సలోమిని వసారాలో ఒక్కదాన్నే కూర్చోబెట్టి, చేతికి పేపరిచ్చి, మూడు గంటలు ఎవరితోనూ మాట్లాడకూడదనేదాన్ని. మొదటిసారి చూసి, అక్క మీద కోపమా టీచర్ అని రూతు బిక్కముఖం పెట్టింది. సలోమి మాత్రం త్వరగానే పట్టుకుంది. దసరా దాటేసరికి గడియారం చూసుకుని, తల వంచి, తెలిసింది రాసి, తెలియంది వదిలేసి లేచేది. సాయంత్రం సంగటి దగ్గర కూడా, ఈరోజు ఏమడిగినావంటే ఏం అడగలే అనేది. మార్తమ్మ కూతురి వైపు చూసి ఊరుకునేది. పిల్లకు స్థిమితం వచ్చిందని, అది నా శిక్షణేనని నేను మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మళ్లీ మార్చి వచ్చింది. లెక్కల పరీక్ష నాడు వేరే బళ్లో నా డ్యూటీ ముగించుకుని పరుగున సలోమి రాసే సెంటరుకు పోయాను. గేటు బయట మార్తమ్మ కొంగు నెత్తిన వేసుకుని ఎండలో నిలబడి ఉంది. గంట కొట్టారు, పిల్లలు బయటికి వచ్చారు. సలోమి వచ్చి, అన్నీ రాసినా అంది. అని భోరుమంది. ఎంత బుజ్జగించినా ఆగలేదు. చివరికి వెక్కుతూ చెప్పింది. "పక్కన పిల్ల ఒక లెక్క రాక ఏడుస్తాండె మా. అది నాకు తెలుసు. చెప్పలే."

పరీక్షలో చెప్పకూడదని నేను సర్దిచెప్పబోయాను. మార్తమ్మ నా మాట పూర్తికానివ్వలేదు. ఆ పిల్ల యాడుందో చూడమంది. గోడ నీడలో ఒక పిల్ల కళ్లు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. "పరీక్ష అయిపాయె గదా. ఇప్పుడు పోయి చెప్పు," అని కూతుర్ని ముందుకు తోసింది.

సలోమి పోయి ఆ పిల్ల పక్కన గొంతుక్కూర్చుని, పుల్లతో దుమ్ములో ఆ లెక్క చేసి చూపించింది. ఇక దానికి మార్కులు రావు, ఎవరికీ పైసా లాభం లేదు. అయినా మరో ముగ్గురు పిల్లలు వచ్చి వంగి చూశారు. ఏడ్చిన పిల్ల పుల్ల అందుకుని తానే మళ్లీ చేసింది. పరీక్ష అయిపోయాక లెక్క నేర్చుకునే పిల్లల్ని నేను అంతవరకు చూడలేదు. మార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. నీ పుణ్యమే తల్లీ, నువ్వు లేకపోతే ఏమయ్యేదో అంది. పోయినేడు ముసలి మాస్టారు వదిలెయ్యమన్నా వినకుండా, పంతం కొద్దీ రిపోర్టు రాసింది నేనేనని, రూలు కాదని, ఏడాదిగా చెప్పకుండా దాచానని మొత్తం కక్కేశాను.

ఆమె నా చెయ్యి వదలలేదు, ఓదార్చనూ లేదు. "ఈ మాట నాకు గాదు, దానికి చెప్పల్ల," అంది.

లెక్క ముగిసేదాకా ఆగి, సలోమిని పక్కకు పిలిచి చెప్పాను. ఆ పిల్ల కోపగించుకుంటుందనుకున్నాను. చేతికంటిన దుమ్ము దులుపుకోవడం ఆపి, నన్ను నమ్మొచ్చో లేదోనన్నట్టు చూసి, మెల్లగా అడిగింది.

"అట్లయితే అడగడం తప్పు కాదా టీచర్?"

అప్పుడు అర్థమైంది నాకు, ఆ పిల్ల ఏడాదంతా ఎందుకు మౌనంగా ఉందో. పదహారేళ్లు అమ్మ నేర్పిందాన్ని నా సంతకం ఒక్కటి తప్పు చేసిపారేసింది. కాదమ్మా, తప్పు నాది అన్నాను. ఆళ్లగడ్డ బస్సు కదిలేదాకా నేను కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల సలోమి కండక్టరును ఏదో అడుగుతోంది, అతను చెప్తుంటే మళ్లీ ఇంకొకటి అడుగుతోంది.

సలోమి పాసయింది, నర్సు ట్రెయినింగులో చేరింది. దేవదానం మాట నిలబెట్టుకున్నాడు, చిన్నవాళ్లిద్దరూ తూము దగ్గరే పెరిగారు. నేను బళ్లో ఉన్నన్నాళ్లూ ప్రతి పరీక్ష మర్నాడూ పేపరు పట్టుకుని ఖాళీ గదిలో కూర్చునేదాన్ని, రానిది ఎవరైనా అడగడానికి వస్తారని. కొన్నేళ్లు ఒక్కరూ రాలేదు, కొన్నేళ్లు గది చాలలేదు. మార్తమ్మ బతికున్నప్పుడు ఈ సంగతి చెబితే, నాకు గూడా ఒక లెక్క చెప్పు అని కూర్చుంది, చెప్పించుకునే లేచింది. అంతటి మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు. ఆమె ఇంట్లో అన్నీ నేర్చుకున్నాను గానీ ఒకటి మిగిలిపోయింది. ఆ ఏడాది సలోమి అడగకుండా మింగేసిన ప్రశ్నలేమిటో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగితే చెప్పేది. అడిగే ధైర్యం నాకు రాలేదు.